మూసీ వరద డెమో: కర్రసాము తీసేసి మశక్ పెట్టిన కేసు

హైదరాబాద్‌లో ఒక చిన్న టీమ్ పీసీ కోసం చేస్తున్న రోల్ ప్లేయింగ్ గేమ్, దాని మొదటి అధ్యాయం. ఆడితే నలభై నిమిషాలు పట్టే డెమో. కథాకాలం 1908 సెప్టెంబరు 27 రాత్రి నుంచి 28 దాకా, అంటే మూసీ వరద. హీరో మస్తాన్ అనే భిస్తీ కుర్రాడు. మశక్ అనే తోలుసంచిలో ఇంటింటికీ నీళ్లు మోసి బతికేవాడు. అఫ్జల్‌గంజ్ దవాఖాన ఆవరణలో చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారన్నది చరిత్ర. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. అధ్యాయం ముగిసేది ఆ కొమ్మల మీదే. మస్తాన్, దవాఖానలో చిక్కుకున్న కూతురి కోసం అతని సాయం అడిగే ఎల్లమ్మ అవ్వ, మిగతా మనుషులు కల్పితం.

మొదటి బిల్డ్ చూడటానికి భలే ఉంది. అన్‌రియల్ ఇంజిన్ 5లో చేసిన మూడు నిమిషాల కట్‌సీన్‌తో (ఆడేవాళ్ల ప్రమేయం లేకుండా సినిమాలా నడిచే దృశ్యంతో) మొదలవుతుంది: నది గట్టు తెగి, నీళ్లు అఫ్జల్‌గంజ్ వీధిలోకి దూకుతాయి. తర్వాత మస్తాన్ దొంగల ముఠాతో కర్రసాము చేస్తూ దవాఖాన చేరాలి. పోరాటం పనితనం తీసిపారేసేది కాదు. మూడు దెబ్బల గొలుసు, దెబ్బ తగిలినప్పుడు 5 ఫ్రేముల హిట్‌స్టాప్ (బొమ్మ క్షణకాలం ఆగడం), తప్పుకున్నప్పుడు 12 ఫ్రేముల పాటు దెబ్బ తగలని రక్షణ. సెకనుకు 60 ఫ్రేముల లెక్కన ఆ 12 ఫ్రేములు 0.2 సెకన్లు. చెయ్యి అలవాటు పడటానికి సరిపోతాయి, ధీమా పెరిగేంత ఎక్కువ కాదు. షోరీల్‌లో పెడితే ఎవరైనా మెచ్చుకుంటారు.

టెస్ట్‌లో ‘ఎలా ఉంది?’ అని అడగలేదు. ఆ ప్రశ్నకు ‘బాగుంది బ్రో, గ్రాఫిక్స్ సూపర్’ తప్ప వేరే జవాబు రాదు. విడతకు ఐదారుగురిని కూర్చోబెట్టి ఆడించి, మర్నాడు ఫోన్ చేసి ఒక్కటే అడిగారు: ‘ఆ గేమ్ చూడని మీ ఫ్రెండ్‌కి చెప్తున్నట్టు, ఏం జరిగిందో చెప్పండి.’ మధ్యలో అందించడం లేదు, గుర్తు చేయడం లేదు. అందరూ అల గురించి చెప్పారు. కర్ర తిప్పడం గురించి చెప్పారు. మస్తాన్ దవాఖానకు ఎందుకు పోతున్నాడంటే ‘ఎవరినో కాపాడటానికి’ అన్నారు. ఎల్లమ్మ పేరు దాదాపు ఎవరికీ గుర్తు లేదు. ‘ఊరు మునిగిపోతుంటే ఈ దొంగలకి ఫైట్ చేసే తీరిక ఎక్కడిది?’ అని కూడా ఒకరు అడిగారు. డిజైన్ డాక్యుమెంట్‌లో రావాల్సిన ప్రశ్న అది.

ఇక్కడ చాలా టీమ్‌లు చేసే పని, రైటర్‌ని పిలిచి ఎల్లమ్మకు ఇంకో పేజీ డైలాగులు రాయించడం. దాంతో పని కాదు. అసలు అడ్డం ఆ కట్‌సీనే. ఎల్లమ్మ మాట ఒకటి మార్చాలంటే స్క్రిప్ట్ మార్చాలి, గొంతు మళ్లీ రికార్డు చేయాలి, మోషన్ క్యాప్చర్ మళ్లీ తియ్యాలి, ముఖం యానిమేషన్ శుభ్రం చేయాలి, లైటింగ్, సౌండ్ మళ్లీ చూడాలి. అదే మాట టెక్స్ట్‌గా ఉంటే పది నిమిషాల పని. అందుకే కథలో తేడా ఉందని తెలిసినా ఎవరూ కట్‌సీన్ ముట్టుకోలేదు. కథకూ గ్రాఫిక్స్‌కీ పోటీ ఆడేవాళ్ల అభిరుచిలో ఉందనుకుంటాం గానీ, ఆఫీసులో అది క్యాలెండర్ మీద జరిగే పోటీ. ఖరీదైన దృశ్యం ముందే తయారైతే కథ ఆ రోజుతో గడ్డకట్టేస్తుంది, అప్పటికది పచ్చిగా ఉన్నా సరే.

డిస్కో ఎలీసియం (2019) అనే డిటెక్టివ్ గేమ్ గురించి మాట్లాడేవాళ్లు దాని రచనను పొగిడి ఆపేస్తారు. గేమ్‌లు చేసేవాళ్లు చూడాల్సింది దాని ఏర్పాటును. మామూలు పోరాట వ్యవస్థే లేదు. 24 నైపుణ్యాలు, రెండు పాచికలు, ఓడితే మళ్లీ ప్రయత్నించగల తెల్ల చెక్‌లు (పాచికలు వేసి తేల్చే పరీక్షలు), ఒక్కసారే దక్కే ఎర్ర చెక్‌లు. తుపాకీ కాల్పులు కూడా ఆ పాచికల మీదే నడుస్తాయి. కాబట్టి అక్కడ యాక్షన్ మార్చడమంటే వాక్యాలు మార్చడమే.

ఈ డెమోలో మొదట కట్‌సీన్‌ని పక్కన పెట్టి, అధ్యాయం మొత్తాన్ని ఇంక్ (ఎంపికలతో చీలే కథలు రాసే భాష) స్క్రిప్ట్‌లో రాసి, తుది బొమ్మలు లేని బూడిదరంగు డబ్బాల సెట్ మీద ఆడించారు. ఇంక్ 2016 నుంచి ఓపెన్ సోర్స్, దాన్ని అన్‌రియల్‌కి కలిపే ప్లగిన్లు ఉన్నాయి. ముందు తేల్చాల్సింది కథ ఎన్ని కొమ్మలుగా చీలుతుందన్న లెక్క. ఉదాహరణకు, ఐదు చోట్ల మూడేసి ఎంపికలు పెట్టి ప్రతి దారినీ విడిగా నడిపిస్తే 3, 9, 27, 81, 243. మొత్తం 363 ముక్కలు రాయాలి. ఏ టీమ్‌కీ అయ్యే పని కాదు. ప్రతి ఎంపిక తర్వాత దారులను మళ్లీ ఒకచోట కలిపేస్తే పదిహేను ముక్కలు, ఐదు కలయికలు, వెరసి ఇరవై. కలిపేశాక ‘ఏది ఎంచుకున్నా ఒకటేగా’ అనిపించకుండా కాపాడేవి వేరియబుల్స్, అంటే ఆట గుర్తుపెట్టుకునే విలువలు. ఇందులో మూడే పెట్టుకున్నారు: ఎల్లమ్మ నమ్మకం, మునిగిన మెట్లు, మశక్ పరిస్థితి. ప్రతి కలయికా వీటిలో ఒకదాన్ని బట్టి మారే వాక్యంతోనే మొదలవ్వాలన్నది నియమం. ఏడెనిమిది వేరియబుల్స్ పెట్టుకుంటే పరీక్షించడం చేతకాదు, రాసినవాళ్లకే ఏది ఎక్కడ మారుతోందో అంతుపట్టదు.

ఎల్లమ్మ మొదటి డైలాగు మారిన తీరు చూడండి. కట్‌సీన్‌లో ఉన్నది:

‘ఓ యువకుడా! ప్రవాహం ఉధృతంగా ఉంది. నా కుమార్తె ఆసుపత్రిలో చిక్కుకుపోయింది. దయచేసి ఆమెను రక్షించు!’

యాస కోసం మార్చింది:

‘నా బిడ్డ దవాఖానల ఉంది. జర ఆమెను కాపాడు బిడ్డా.’

నిలిచింది:

‘మెట్లెన్ని మునిగినయ్ బిడ్డా? నా పిల్ల కింది వార్డుల పండుకుంది.’

రెండోదానిలో భాష బాగుపడింది, పని మాత్రం జరగలేదు. అది అప్పుడు కూడా వేడుకోలే. మూడోది ప్రశ్న. ఆడేవాళ్లు మెట్లు లెక్కపెట్టి జవాబు చెప్పాలి. ఎంపికలు రెండు: ‘నాలుగు మునిగినయ్ అవ్వా’, ‘రెండే అవ్వా, పరేషాన్ గాకు’. అబద్ధం చెప్తే ఎల్లమ్మ అప్పటికి కుదుటపడి వెంటనే కదులుతుంది, నీళ్లు ఒక మెట్టు ఎక్కేంత సమయం కలిసొస్తుంది. దవాఖాన చేరాక నీళ్లెక్కడిదాకా వచ్చాయో కళ్లారా చూస్తుంది. చివర్లో చెట్టు దగ్గర మస్తాన్ ‘దుంకు అవ్వా’ అన్నప్పుడు కదలదు. కలిసొచ్చిన మెట్టు అక్కడ పోతుంది. డైలాగూ, లెవెల్ డిజైనూ, నైతిక చిక్కూ మూడూ ఒక్క ప్రశ్నలో పట్టాయి. దీనికైన గ్రాఫిక్స్ ఖర్చల్లా లెక్కపెట్టడానికి వీలుగా కనపడే మెట్లు.

ఎంపిక మీద రాసే మాట విషయంలో ఒక జాగ్రత్త. ఫాల్అవుట్ 4 (2015)లో నాలుగు బటన్లకు పొట్టి మాటలు పెడితే, నొక్కాక పాత్ర ఏమంటుందో తెలియక జనం చిరాకుపడ్డారు. పూర్తి వాక్యం చూపించే మాడ్‌ను ఆడేవాళ్లే చేసుకున్నారు. తెలుగులో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ‘సరే’ అన్న మాటలో ఒప్పుకోలు ఉంది, విసుగు ఉంది, ‘ఇక చాలు’ కూడా ఉంది. బటన్ మీద మస్తాన్ అనబోయే వాక్యమే పూర్తిగా ఉండాలి.

కర్రసాము సంగతి

ఇంత చేశాక కూడా పోరాటం కథలోకి అతకలేదు. తీసేద్దామంటే నెలల తరబడి చేసిన పని. అందుకని దాన్ని భాగాలుగా విప్పి చూశారు. స్టామినా పట్టీ, తప్పుకునే టైమింగ్, మోస్తున్న బరువును బట్టి నడక మారడం, తోపుకు శరీరం తూలడం. ఈ నాలుగూ నడుంలోతు నీళ్లలో నడవడానికి అచ్చంగా సరిపోతాయి. శత్రువు స్థానంలోకి ప్రవాహం వచ్చింది. కొట్టుకొస్తున్న దూలం నుంచి తప్పుకోవడానికి అదే 12 ఫ్రేములు. దొంగలు మొత్తంగా పోయారు.

మశక్ వచ్చింది ఇక్కడే. మేకతోలు మశక్‌లో 25 నుంచి 30 లీటర్ల నీళ్లు పడతాయి. నీళ్లు పారబోసి గాలి ఊది మూతి బిగిస్తే అదే తెప్ప. 25 లీటర్ల గాలి దాదాపు 25 కిలోలను లేపుతుంది. తడిసిన తోలు బరువూ, కారిపోయే గాలీ తీసేస్తే 20 అనుకుందాం. మనిషి తల నీటి పైన ఉండాలంటే ఏడు కిలోల లేపుడు చాలు, మామూలు లైఫ్‌జాకెట్లు తయారుచేసేది దాదాపు ఆ కొలతకే. నిలకడ నీళ్లలో ముగ్గురికి కష్టం మీద సరిపోతుంది, వరదలో ఇద్దరికే. గేమ్ నియమం కూడా ఇదే: ఇద్దరు పట్టుకుంటే నిలుస్తుంది, మూడో మనిషి చెయ్యి వేస్తే ప్రతి అడుగుకీ స్టామినా రెట్టింపు కరుగుతుంది. ఎల్లమ్మ, ఆమె కూతురు, మస్తాన్ కలిస్తే ముగ్గురు. నీళ్లు అమ్ముకుని బతికినవాడి చేతిలో నీళ్లు లేని మశక్ ఉంటుంది, దాన్ని ఎవరు వదలాలో ఆడేవాళ్లే తేల్చాలి. ఈ ఘట్టానికి విడిగా కట్‌సీన్ రాయలేదు, రాయాల్సిన అవసరమూ లేదు.

బెడిసికొట్టినదీ ఇక్కడే. నీటి మట్టం ఆగకుండా పెరిగేలా పెడితే, జనం మాటలన్నీ దాటేయడం మొదలుపెట్టారు. ఆట నడిచిన తీరు రాసుకునే లాగ్‌లో తేటగా కనపడింది. ప్రతి డైలాగు ముక్కకీ మూడు అంశాలు రాసుకుంటే చాలు: ముక్క పేరు, తెర మీద ఉన్న సమయం, ఏ బటన్‌తో పోయింది. అందరికీ ఒకే చదివే వేగం అనుకుంటే లెక్క తప్పుతుంది. తెలుగు టెక్స్ట్ గడగడా చదివేవాళ్లున్నారు, సిటీ ఇంగ్లీష్ మీడియంలో చదివి కూడబలుక్కునేవాళ్లూ ఉన్నారు. ఆట మొదట్లో ఏ తొందరా లేని చోట వచ్చే మూడు నాలుగు వాక్యాలతో ఆ మనిషి సొంత వేగం తెలుస్తుంది. అందులో సగం సమయం కూడా తెర మీద ఉండని వాక్యం చదవనట్టే. మట్టం పెరిగే చోట్ల ఎల్లమ్మ మాటలు చాలావరకు అలాగే పోయాయి.

తర్వాత మట్టాన్ని ఆడేవాళ్లు చేసే ప్రతి తప్పుకి ఒక మెట్టు చొప్పున పెంచి చూశారు. అప్పుడు ఊరికే నిలబడితే నీళ్లూ ఆగిపోతున్నాయని కనిపెట్టేశారు, భయం పోయింది. చివరికి కుదిరిన పద్ధతి ఇది: ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలినప్పుడూ, ఎంపిక చేసినప్పుడూ మట్టం పెరుగుతుంది. మాట్లాడుతున్నంతసేపు గడియారం ఆగుతుంది, కానీ నీటి చప్పుడు మాత్రం మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. చెవికి తొందర, కంటికి తీరిక.

తెర మీద తెలుగు

కథ మీద ఆధారపడే గేమ్‌లో అక్షరాలు కూడా గ్రాఫిక్సే. ఇక్కడ ఖర్చు పెట్టని టీమ్ దేని మీద పెట్టినా వృథా. యూనిటీ ఇంజిన్‌లో అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్ ప్రో తనంతట తాను తెలుగు వత్తులను కలపదు, ‘క్ష’ను విడగొట్టి పొల్లుతో చూపిస్తుంది. అన్‌రియల్, గోడో 4 ఇంజిన్లు అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీని వాడతాయి కనుక గుణింతాలు, వత్తులు సరిగ్గా కూర్చుంటాయి. అక్కడితో కష్టాలు తీరవు.

టైప్‌రైటర్ ఎఫెక్ట్ తీసుకోండి. వాక్యాన్ని ఒక్కో క్యారెక్టర్ (కోడ్‌లోని ఒక్కో గుర్తు) చొప్పున బయటపెడితే ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం తెర మీద స, స్, స్త, స్త్, స్త్ర, స్త్రీ అని ఆరుసార్లు రూపు మార్చుకుంటుంది. పక్క అక్షరాలు కూడా కదులుతాయి. చదివేవాళ్లకు తలనొప్పి. గ్రాఫీమ్ క్లస్టర్ల (కంటికి ఒకే అక్షరంగా కనపడే ముక్కల) ప్రకారం విడగొడితే సగం తగ్గుతుంది, కానీ యూనికోడ్ 15.1 (2023)కి ముందు నియమాల్లో పొల్లు తర్వాత తెగిపోయేది, అంటే స్, త్, రీ మూడు ముక్కలు. 15.1 నుంచి తెలుగు సంయుక్తాక్షరం ఒకే ముక్క. ఇంజిన్‌లో ఉన్న ఐసీయూ (యూనికోడ్ నియమాలను అమలు చేసే లైబ్రరీ) అంతకంటే పాతదైతే ఒక నియమం సొంతంగా రాసుకోవాలి: పొల్లు తర్వాత హల్లు వస్తే తెంచకూడదు, మధ్యలో జీరో విడ్త్ నాన్‌జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఉంటే తెంచాలి. ఆ కనపడని గుర్తును స్క్రిప్ట్ ఫైళ్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చే టూల్స్ తరచూ మింగేస్తాయి. అప్పుడు ‘హైదరాబాద్‌లో’ కాస్తా ద కింద లావత్తుతో ‘హైదరాబాద్లో’ అయి కూర్చుంటుంది. బిల్డ్‌కి ముందు ఆ గుర్తుల సంఖ్యను మూల ఫైల్‌తో పోల్చి చూసే చిన్న స్క్రిప్ట్ పెట్టుకుంటే సరి.

డైలాగు డబ్బా ఎత్తు ఇంగ్లీష్ మాదిరి టెక్స్ట్‌తో కొలవకూడదు. పైన గుడి, కింద వత్తు మీద వత్తు పడతాయి. 28 పిక్సెళ్ల ఫాంట్‌కు వరుస ఎత్తు ఒకటిన్నర రెట్లు, అంటే 42. మూడు వరుసలకు 126, దాని పైన అంచులు. ఇంతా చేసి ‘చదవడం ఎక్కువైంది’ అన్న ఫిర్యాదు వచ్చింది, అది న్యాయమే. ఒకసారి తెర మీదికి వచ్చేది రెండు వరుసలు దాటకూడదని గీత గీశారు. మూడో వరుస అరుదుగా. నగరం చరిత్ర చెప్పే పేరాలన్నీ డైలాగుల్లోంచి తీసేసి గోడ మీది నీటి చారికలు, దవాఖాన రిజిస్టరు లాంటి వస్తువులకు తగిలించారు. ఆసక్తి ఉన్నవాళ్లు ముట్టుకుంటారు.

సేవ్ ఫైళ్ల గురించి ఒక్క మాట. ఇంక్ తన స్థితిని దాచుకునేటప్పుడు స్క్రిప్ట్‌లోని ముక్కల పేర్లను పట్టుకుంటుంది. డెమో బయటికి వెళ్లాక ఆ పేర్లు మారిస్తే పాత సేవ్‌లు చెడతాయి. పేర్లు మార్చకండి.

గొంతులు ఆఖర్న

రికార్డింగ్‌ను కావాలనే చివరికి నెట్టారు. సిటీలో కృష్ణానగర్, శ్రీనగర్ కాలనీ వైపు డబ్బింగ్ ఆర్టిస్టులకు కొదవ లేదు. అయితే వాళ్లలో చాలామంది చెయ్యి తిరిగినది బొమ్మ చూసి పెదవికి మాట కలపడంలో. గేమ్‌లో ఎదురుగా బొమ్మ ఉండదు. బొమ్మ లేనప్పుడు కొందరు పరుగెత్తుతారు, కొందరు సీరియల్‌లోలా సాగదీస్తారు. మందు ఒకటే, ప్రతి వాక్యం పక్కన నాలుగు గళ్ల కాగితం: ఎవరితో అంటున్నారు, ఎంత దూరంలో ఉన్నారు, దీనికి ముందు ఏం జరిగింది, చుట్టూ ఎంత చప్పుడు. ‘పది అడుగులు, వాన’ అని ఉంటే గొంతు తనంతట తానే లేస్తుంది. కేకలు, ఎగశ్వాసలు, నీళ్లు మింగిన చప్పుళ్లు సెషన్ చివర పెట్టాలి, ముందు పెడితే ఆ పూట గొంతు పోయినట్టే.

తగ్గించిన బొమ్మలు, ఉంచిన బొమ్మలు

జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, దానికి నాలుగు జీబీ మెమొరీ ఉన్న ల్యాప్‌టాప్‌ని లక్ష్యంగా పెట్టుకున్నారు. ఇక్కడి స్టూడెంట్ల చేతుల్లో కనపడేది ఆ తరగతే. సెకనుకు 60 ఫ్రేములంటే ఫ్రేముకి 16.6 మిల్లీసెకన్లు, 30 అయితే 33.3. పారదర్శకంగా ఉండే నీళ్లు, వాన, పొగమంచు ఒకదాని మీద ఒకటి పడితే ఒకే పిక్సెల్‌ను పదేపదే గీయాలి, బడ్జెట్ అక్కడే హరించుకుపోతుంది. వెలుతురును అప్పటికప్పుడు లెక్కగట్టే ల్యూమెన్‌ను ఆపేసి లైటింగ్ బేక్ చేశారు, అంటే ముందే లెక్కగట్టి దాచారు. కథ రాత్రి జరగడం కలిసొచ్చింది: కదిలే దీపం మస్తాన్ చేతి లాంతరు ఒక్కటే. కెమెరాలు చాలావరకు స్థిరం. 1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7 ముందే గీసిన నేపథ్యాల మీద పాలిగాన్ బొమ్మలను నడిపించింది. ఆ పద్ధతికి వయసు మీరింది గానీ పదును పోలేదు.

ఖరీదైన నీటి షేడర్‌ను (నీళ్లు తెర మీద ఎలా కనపడాలో లెక్కగట్టే ప్రోగ్రామ్‌ను) మాత్రం ఉంచేశారు, ఇంకా మెరుగు పెట్టారు. మట్టం ఎంతో చెప్పేది అదే కనుక తెర మీద మీటర్ అక్కర్లేదు. మెట్టు అంచు దగ్గర నురగ గీత ఎక్కడుందో మసక వెలుతురులోనూ తెలియాలి, లేకపోతే ఎల్లమ్మ ప్రశ్నకు నిజాయితీగా జవాబివ్వడం కుదరదు. ముఖాల మీద పని తగ్గింది, చేతుల మీద పెరిగింది: మశక్ మూతి పట్టుకున్న వేళ్లు దగ్గరగా కనిపిస్తాయి. ఆడేవాళ్ల నిర్ణయానికి సమాచారమిచ్చే బొమ్మ మీద ఎంత పెట్టినా దండగ కాదన్నది నా లెక్క. అందం కోసమే ఉన్నదాన్ని ఆఖర్న మిగిలిన డబ్బుతో చేసుకోవచ్చు.

మర్నాటి ఫోన్లలో తేడా కనపడింది. చెప్పడం అవ్వతో మొదలుపెట్టి, అబద్ధం ఆడామో లేదో సంజాయిషీ ఇచ్చుకున్నారు. నీళ్ల బొమ్మను ఎవరూ పొగడలేదు, ‘నీళ్లు ఐదో మెట్టుకొచ్చినయ్’ అని మాత్రం అన్నారు.

ఈ తీర్పు అన్ని గేమ్‌లకూ వర్తించదు. డయాబ్లో తరహాలో రాక్షసుల్ని చంపి సామాను ఏరుకునే గేమ్‌కు దెబ్బ తగిలిన చప్పుడే ప్రాణం, అక్కడ సంభాషణ ఎక్కువైతే అడ్డం. కర్రసాము బిల్డ్‌ని ఆ దారిలో తీసుకెళ్లి ఉండొచ్చు, అప్పుడు 1908 వరదతో పని లేదు.

రెండో అధ్యాయం పురానాపూల్ మీద. ఆ వరదలో మిగతా వంతెనలు కొట్టుకుపోగా నిలిచింది అదే. రెండు ఒడ్డుల జనమూ ఆ ఒక్క దారి మీదికి తోసుకొచ్చే ఘట్టాన్ని రెండు వరుసల డైలాగుతో చెప్పడం కుదరలేదు. రాసి చూస్తే గుంపు గుంపులా అనిపించదు, నలుగురు మాట్లాడుకున్నట్టే ఉంటుంది. అక్కడ మాటలు తీసేసి గుంపు సిమ్యులేషన్ మీదే ఖర్చు పెట్టాలని నిర్ణయించారు: తెర మీద రెండొందల మంది, దగ్గరి ముప్పై మందికి కీళ్లు కదిపే పూర్తి అస్థిపంజరం, మిగతావాళ్లకు టెక్స్చర్‌లో (బొమ్మ ఫైల్‌లో) ముందే దాచిన తేలిక యానిమేషన్. మొదటి అధ్యాయంలో మస్తాన్ ఎవరిని మశక్ మీద దాటించాడో ఆ మనిషి ఈ గుంపులో ఎక్కడో ఉంటారు. వాళ్లను పేరు పెట్టి పిలవడానికి ఒక బటన్ ఉంది. జనం హోరులో ఆ పిలుపు ఎంత దూరం వినపడాలన్నది సౌండ్ టీమ్ ఇంకా తేల్చలేదు.